కాదన్నవాడికి ఏం పోతుంది?

మార్కు సువార్త పదో అధ్యాయంలో ఒక ఆస్తిపరుడు యేసు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మోకాళ్ళూని, నిత్యజీవం దక్కాలంటే ఏం చెయ్యాలని అడుగుతాడు. ఆజ్ఞలన్నీ చిన్నప్పటినుంచీ పాటిస్తూనే ఉన్నానంటాడు. యేసు అతన్ని చూసి ప్రేమించాడని అక్కడ రాసి ఉంది. ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి నా వెంట రమ్మన్నాడు. అతను ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. యేసు శిష్యుల్ని వెనకాల పంపలేదు. సగం ఆస్తి ఇచ్చినా చాల్లే అని బేరం తగ్గించలేదు. శపించనూ లేదు.

ఇస్లాంలో దీనికి జతగా నిలిచేది అబూ తాలిబ్ సంగతి. తల్లీతండ్రీ లేని ముహమ్మద్‌ను పెంచిన పెదతండ్రి ఆయన. మక్కాలో ఖురైషీ తెగవాళ్ళు వెలివేసినప్పుడు కొడుకు వరస అయిన ముహమ్మద్‌కు అడ్డంగా నిలబడ్డాడు. సుమారు 619లో అబూ తాలిబ్ చనిపోయేముందు ప్రవక్త ఆయన మంచం పక్కన కూర్చుని కలిమా, అంటే అల్లాహ్ ఒక్కడే దేవుడన్న విశ్వాస వాక్యం, చదవమని అడిగారనీ, ఆయన తండ్రితాతల మార్గంలోనే వెళ్తానన్నాడనీ సున్నీ సంప్రదాయం చెబుతుంది. షియాలు మాత్రం ఆయన విశ్వాసిగానే చనిపోయాడంటారు. ఖురాన్ 28వ అధ్యాయం 56వ వాక్యం ఈ సందర్భంలోనే దిగిందని సున్నీ వ్యాఖ్యాతల మాట. నువ్వు ప్రేమించిన మనిషిని సైతం దారికి తేవడం నీ చేతుల్లో లేదు, అది అల్లాహ్ పని అని దాని భావం.

మతప్రచారం తప్పా ఒప్పా అనే చర్చ దక్షిణ ఒడిశాలోని మన పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఎప్పుడొచ్చినా మొదట మాట్లాడుకోవలసింది ఈ ఇద్దరి గురించే అని నా నమ్మకం. చేరినవాళ్ళ లెక్క ప్రతి మతం దగ్గరా ఉంటుంది. చేరనన్న మనిషిని ఆ మతం ఎలా చూసిందన్నది అంతకంటే పెద్ద పరీక్ష. కాదన్నవాడు ఏదైనా పోగొట్టుకున్నాడా? తిండి, పని, చదువు, బంధువులు, ప్రాణం, వీటిలో ఏ ఒక్కటి పోయినా అక్కడ జరిగింది ప్రచారం కాదు. ఏమీ పోలేదంటే, ఎంత గట్టిగా చెప్పినా, ఎన్నిసార్లు చెప్పినా, అది చెప్పేవాడి హక్కు.

ఈ మాట ఇక్కడ ఎందుకంటే, 2011 జనాభా లెక్కల్లో గజపతి జిల్లాలో క్రైస్తవులు దాదాపు 38 శాతం. ఒడిశా మొత్తం మీద చూస్తే మూడు శాతం కూడా లేరు. ముస్లింలు రాష్ట్రంలో రెండు శాతం పైచిలుకు. కొండమీద సవర గిరిజనుల్లో ఎక్కువమంది బాప్టిస్టులు. కింద బజార్లో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు కలిసి ఉంటారు. ఒకే వీధిలో అమ్మవారి గుడి, చర్చి ఉంటాయి, నాలుగు వీధులవతల మసీదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో సవర మాట్లాడే ఊళ్ళు ఇవి. పర్లాకిమిడి, టెక్కలి, పాలకొండ వైపు పనిచేసింది కెనడా బాప్టిస్టులు. సాలూరు, కొరాపుట్, జయపురం వైపు 1882లో వచ్చింది జర్మనీలోని బ్రెక్లుం ఊరి లూథరన్లు. ఈ తేడా చరిత్ర పుస్తకాలకే పరిమితం కాదు. బాప్టిస్టు సంఘంలో పసిపిల్లకు బాప్తిస్మం ఉండదు, తన నోటితో ఒప్పుకోగల వయసు రావాలి, నీళ్ళలో పూర్తిగా ముంచాలి. లూథరన్ సంఘంలో పసిబిడ్డకే తలమీద నీళ్ళు పోస్తారు, పెద్దయ్యాక తన నోటితో విశ్వాసం ఒప్పించి నిర్ధారణ చేస్తారు. అందుకే పర్లాకిమిడి పిల్లను కొరాపుట్ పిల్లాడికిచ్చి పెళ్ళి చేసేటప్పుడు, ఇద్దరూ క్రైస్తవులే అయినా, మళ్ళీ ముంచాలా వద్దా అన్న పేచీ వస్తుంది.

ఇక రెండు మతాల మధ్య తేడా. దగ్గరితనం ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి తెలియనిది అదే. యేసును ముస్లింలు ఈసా అంటారు. ఆయన కన్యకు పుట్టాడని, మసీహా అని, రోగుల్ని బాగుచేశాడని ఖురాన్ ఒప్పుకుంటుంది. ఖురాన్‌లో పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఒక్క మర్యమే, 19వ అధ్యాయం ఆమె పేరు మీదే ఉంది. విడిపోయేది సిలువ దగ్గర. ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు, వాళ్ళకు అలా అనిపించిందంతే అని 4వ అధ్యాయం 157వ వాక్యం అంటుంది. క్రైస్తవుడికి సిలువ, పునరుత్థానం లేకపోతే మిగతాదంతా కూలిపోతుంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఆ మాటే అంటాడు. అలాగే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న మాట ముస్లింకు షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించడం. 112వ అధ్యాయం నాలుగే వాక్యాలు. దేవుడు కనలేదు, ఎవరికీ పుట్టలేదు అన్న మాట అందులోనే ఉంది. కాబట్టి ‘రెండూ ఒకటేలే’ అని సర్దిచెప్పేవాళ్ళు రెండు మతాలవాళ్ళనూ అగౌరవపరుస్తున్నట్టే.

మనిషి అసలు స్థితి గురించి కూడా లెక్క వేరు. క్రైస్తవంలో మనిషి పడిపోయినవాడు, తనను తాను లేపుకోలేడు, మరొకరు వచ్చి రక్షించాలి. అందుకే ఆ మతంలోకి రావడాన్ని కొత్తగా పుట్టడం అంటారు. ఇస్లాంలో ప్రతి బిడ్డా స్వచ్ఛమైన స్వభావంతో పుడుతుంది, దాన్ని ఫిత్రత్ అంటారు. ఆదాము తప్పు ఆదాముదే, దాన్ని పిల్లలకు పంచరు. పశ్చాత్తాపపడితే నేరుగా దేవుడు క్షమిస్తాడు, మధ్యవర్తి అక్కర్లేదు. అందుకే చాలామంది ముస్లింలు ‘మతం మారాడు’ అనడానికి ఇష్టపడరు, ‘తిరిగొచ్చాడు’ అంటారు. ప్రచారం చేసేవాడి గొంతులో తేడా ఇక్కడే పుడుతుంది. ఒకడు మునిగిపోతున్నవాడికి తాడు విసురుతున్నాననుకుంటాడు, ఇంకొకడు దారి తప్పినవాడికి ఇంటి దారి గుర్తుచేస్తున్నాననుకుంటాడు. వినేవాడికి తాను మునుగుతున్నట్టూ, దారి తప్పినట్టూ అనిపించకపోవచ్చు. అసలు చిక్కు అదే.

చేరే పద్ధతి కూడా చూడండి. క్రైస్తవంలో సంఘం ఉంటుంది, రిజిస్టరు ఉంటుంది, పాస్టరు ఉంటాడు. బాప్తిస్మానికి ముందు తరగతులు నడుపుతారు, సంఘపెద్దలు ప్రశ్నలడుగుతారు. ఎవరు చేరారో కాగితం మీద కనిపిస్తుంది. ఇస్లాంలో ఇద్దరు సాక్షుల ముందు కలిమా పలకడం ఆనవాయితీ. మనసారా ఒప్పుకుని పలికితే ఆ క్షణానే ముస్లిం అయినట్టే. గుస్ల్ స్నానం చేస్తారు. పేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు. పాత పేరు మరో దేవుడి దాసుడనే అర్థం ఇస్తుంటే మాత్రమే మార్చమంటారు. సున్తీ చేయించుకోకపోతే ముస్లిం కాడన్న మాట నిజం కాదు. చేరడం తేలిక, చేరాక క్రమం గట్టిది. రోజుకు ఐదు పూటలు కలిపి 17 రకాతుల (ఆవృత్తుల) ఫర్జ్, అంటే తప్పనిసరి నమాజు, ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహాలోని ఏడు వాక్యాలూ అరబ్బీలోనే నేర్చుకోవాలి, రంజాను ఉపవాసాలు, నిసాబు అనే కనీస పరిమితి దాటిన సొమ్ము ఏడాది నిలిస్తే రెండున్నర శాతం జకాత్ అనే దానం. క్రైస్తవంలోకి వచ్చిన తెలుగువాడు మొదటి రోజునుంచే తెలుగులో ప్రార్థిస్తాడు. దశమ భాగం ఇవ్వాలని సంఘం అడుగుతుంది గాని, ఇవ్వకపోతే విశ్వాసి కాడని అనదు. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చినవాళ్ళలో చిలుకూరి నారాయణరావు గారు హిందువు. అయినా ముస్లిం దృష్టిలో ఏ అనువాదమూ ఖురాన్ కాదు, దాని భావం మాత్రమే. మన వైపు క్రైస్తవం కొండెక్కి, ఇస్లాం బజారు దాటకపోవడానికి భాష కూడా ఒక కారణమని నా అంచనా.

ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి. టోపీలు పెట్టుకుని, పరుపుచుట్టలు మోసుకుని ఊరూరా తిరిగే తబ్లీగీ జమాతును చూసి మతం మార్చడానికొచ్చారని మనవాళ్ళు అనుకుంటారు. 1926లో మేవాత్‌లో మౌలానా ఇల్యాస్ మొదలుపెట్టిన ఆ ఉద్యమం ముస్లింలనే నమాజుకు పిలవడానికి. నెలకు మూడు రోజులు, ఏడాదికి నలభై రోజుల చిల్లా వాళ్ళ లెక్క. అలాగే మైకు పెట్టి జరిపే ఉజ్జీవ కూటాల్లో ముందు కూర్చునేవాళ్ళలో చాలామంది అప్పటికే చర్చికి వెళ్ళేవాళ్ళు. కనబడే ప్రచారంలో సగం తమవాళ్ళకోసమే.

అయితే ప్రచారం చెయ్యాలా వద్దా? రెండు గ్రంథాలూ చెయ్యమనే అంటాయి. మత్తయి 28వ అధ్యాయం చివర్లో సమస్త జనుల్ని శిష్యులుగా చెయ్యమన్న ఆజ్ఞ ఉంది. ఖురాన్ 16:125లో వివేకంతో, మంచి మాటతో పిలవమన్న ఆజ్ఞ ఉంది. విశ్వాసిని నోరు మూసుకోమంటే అతని మతంలో ఒక ముక్క కోసి పారెయ్యమన్నట్టే, నేను ఆ మాట అనలేను. కాని అవే గ్రంథాలు హద్దు కూడా గీశాయి. ఒక ఊరు వినకపోతే పాదధూళి దులుపుకుని వెళ్ళిపొమ్మని మత్తయి 10:14. ఒక్కణ్ణి కలుపుకోవడానికి సముద్రాలు చుట్టి, తీరా కలిశాక వాణ్ణి చెడగొడుతున్నారని పరిసయ్యులనే యూదు మతపెద్దల మీద కోపం మత్తయి 23:15. మతంలో బలవంతం లేదని ఖురాన్ 2:256. నువ్వు గుర్తుచేసేవాడివి మాత్రమే, వాళ్ళమీద అధికారివి కాదని 88వ అధ్యాయం.

ఎదుటివాడి దేవుణ్ణి తిట్టడం గురించి ఇంకా సూటిగా ఉంది. ఖురాన్ 6:108 వాళ్ళు కొలిచేవాటిని దూషించొద్దంటుంది, ఎందుకంటే వాళ్ళు తిరగబడి తెలియక అల్లాహ్‌ను దూషిస్తారు. అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయంలో ఎఫెసులో గొడవైనప్పుడు, వీళ్ళు మన దేవతను దూషించినవాళ్ళు కారని పట్టణపు కరణమే పౌలు మనుషుల తరఫున సాక్ష్యం చెబుతాడు. బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణీ యాత్ర జరిగే రోజుల్లో, దేవాంగుల ఇళ్ళముందు నిలబడి ‘రాయికి మొక్కుతున్నారు’ అని కరపత్రం పంచేవాడు తన గ్రంథాన్నే కాదంటున్నాడు. పౌలు ఏథెన్సులో అలా చెయ్యలేదు. తెలియని దేవుడికి వాళ్ళు కట్టిన బలిపీఠం దగ్గర మాట మొదలుపెట్టాడు. విన్నవాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు మళ్ళీ వింటామన్నారు, ఆయన వెళ్ళిపోయాడు.

కాదన్నవాడు నష్టపోవడం ఎప్పుడు మొదలైంది? రాజ్యం చేతికొచ్చినప్పుడు. 380లో థియోడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్ని రాజ్యమతం చేశాడు. ఎనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రాంకుల రాజు షార్లెమేన్ తాను ఓడించిన సాక్సన్ల మీద చేసిన చట్టంలో బాప్తిస్మం తప్పించుకున్నవాడికి మరణశిక్ష రాశారు. పైగా పదో వంతు పన్ను. ఆయన కొలువులోని పండితుడు ఆల్క్విన్ అప్పుడే ఎదురు చెప్పాడు. విశ్వాసం మనసుతో రావాలిగాని కత్తితో కాదు, కొత్తగా చేరినవాడి మీద పన్ను వేస్తే విశ్వాసమే పోతుంది అని. ఇస్లామీయ రాజ్యాల్లో చేరనివాడు జిజియా అనే పన్ను కట్టాలి. దాంతో విచిత్రమైన పరిస్థితి వచ్చింది, జనం చేరుతుంటే ఖజానా తగ్గింది. ఇరాక్‌ను పాలించిన హజ్జాజ్ చేరినవాళ్ళను కూడా ఊళ్ళకు తిప్పి పంపి జిజియా వసూలు చేయించాడు. 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్ దాన్ని ఆపించాడు. అంటే ఒక చోట కాదన్నందుకు కత్తి, ఇంకో చోట అవునన్నా పన్ను. స్పెయిన్‌లో 1502 తర్వాత కాస్టీల్ ముస్లింలకు బాప్తిస్మమో దేశం విడవడమో అన్నారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ మనవల్ని కూడా 1609లో వెళ్ళగొట్టారు. బలవంతంగా చేర్చుకున్నవాణ్ణి చేర్చుకున్నవాడే ఎప్పటికీ నమ్మడు.

బయటికి వెళ్ళే దారి గురించి ముస్లిం మిత్రులతో మొహమాటం లేకుండా మాట్లాడాలి. పాత ఫిఖ్ గ్రంథాల్లో, అంటే ఇస్లామీయ ధర్మశాస్త్రాల్లో, ఇస్లాం వదిలినవాడికి మరణదండన ఉంది. ఖురాన్‌లో దానికి ఈ లోకంలో శిక్ష చెప్పలేదని, అప్పట్లో మతం వదలడం శత్రుసేనలో చేరడంతో సమానం గనుక ఆ తీర్పు వచ్చిందని ఈనాటి పండితులు చాలామంది వాదిస్తున్నారు. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో మతం మార్చుకునే హక్కు రాసినప్పుడు సౌదీ అరేబియా ఓటు వెయ్యలేదు, పాకిస్తాన్ తరఫున జఫరుల్లా ఖాన్ సమర్థించాడు. ఆ వాదం ఇంకా ఇస్లాం లోపల నడుస్తోంది. క్రైస్తవంలో కేథలిక్ సంఘం మత స్వేచ్ఛను హక్కుగా ఒప్పుకుంటూ ప్రకటన చేసింది 1965 డిసెంబరు 7న, పంతొమ్మిది శతాబ్దాలు గడిచాక. రమ్మనే హక్కు కావాలనేవాడు పొమ్మనడానికి కూడా సిద్ధపడాలి. తన కూతురు ఇంకో మతంలోకి వెళ్తానంటే ఒప్పుకోలేనివాడు ఇంకొకరి కూతురికి పుస్తకం ఇవ్వకూడదు.

ఆకలి గురించి మన ప్రాంతానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1866 నాటి నఅంక కరువులో ఒడిశాలో దాదాపు పది లక్షలమంది చనిపోయారు. గంజి కేంద్రాల్లో తిన్నవాళ్ళను కులం వెలివేసింది, వాళ్ళకు ‘ఛత్రఖియా’ అనే పేరే పడింది, సత్రంలో తిన్నవాళ్ళని. అనాథ పిల్లల్ని మిషన్లు తీసుకుని పెంచాయి. ఇందులో ఎవరిని తప్పుపట్టాలి? ఆకలితో గంజి తాగినవాణ్ణి గెంటేసింది సొంత సమాజం. చేరదీసినవాళ్ళు తమ మతంలో పెంచారు. ‘బియ్యం కోసం మారినవాళ్ళు’ అని నిందించే ముందు ఆ గెంటివేత సంగతి కూడా చెప్పాలి.

పదేళ్ళ తర్వాత ఒంగోలు దగ్గర జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు చేసిన పని ప్రతి పాస్టరూ గుర్తుంచుకోవలసింది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకు కూలి పని ఇప్పించాడు. ఆ కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, వాళ్ళు బతిమాలినా సరే. కూలి కోసం వస్తున్నారా, విశ్వాసంతో వస్తున్నారా తేల్చుకోలేనప్పుడు ఆపడమే మంచిదని. కరువు సాయం ఆగిపోయాక మొదలుపెడితే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలుంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆ సంఖ్య గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు అంతకుముందు ఆయన ఆపిన సంగతి చెప్పరు. నాకు ఆ ఆపడమే పెద్దది. తుపానులో బియ్యం పంచే సంస్థ ఏదైనా, క్రైస్తవులదైనా ముస్లింలదైనా హిందువులదైనా, ఆ సంచితో పాటు కరపత్రం ఇవ్వకూడదు, ఆ కుటుంబాన్ని కొన్ని నెలలపాటు కూటానికి పిలవకూడదు.

అయితే కారణాలు కలగలిసి ఉండడం మోసం కాదు. సవరల పాత ఆచారంలో చనిపోయినవాళ్ళకు ‘గువార్’ రాయి నిలబెట్టడానికి దున్నపోతుల్ని బలివ్వాలి, అందుకు అప్పు చెయ్యాలి. ఆ భారం తప్పుతుందని, చదువొస్తుందని చర్చివైపు నడిచినవాళ్ళు ఉన్నారు. 1981లో తమిళనాడు మీనాక్షిపురంలో వందలమంది దళితులు ఇస్లాంలోకి వెళ్ళింది గౌరవం కోసం. గౌరవాన్ని ప్రలోభం అనడం నేను ఒప్పుకోను. పక్కన కూర్చోబెట్టుకోవడం లంచమైతే, కూర్చోబెట్టుకోనివాళ్ళు ముందు జవాబు చెప్పాలి.

చట్టం సంగతి ఇక్కడ ప్రతి పాస్టరుకూ, ఇమాముకూ, చేరదలచినవాళ్ళకూ నోటికి రావాలి. ఒడిశా మత స్వాతంత్ర్య చట్టం 1967 నాటిది, స్వతంత్ర భారతంలో రాష్ట్రాలు చేసిన ఈ తరహా చట్టాల్లో మొదటిది. బలప్రయోగం, మోసం, ప్రలోభంతో మతం మార్పించడం నేరం. బలప్రయోగం అన్న మాటలో దైవాగ్రహం కలుగుతుందన్న బెదిరింపు, సాంఘిక వెలి కూడా చేరతాయి. అంటే ‘చేరకపోతే నరకానికి పోతావు, నీ బిడ్డ చచ్చిపోతాడు’ అన్న మాట ఒక్కటే కేసుకు సరిపోవచ్చు. ప్రలోభం అంటే నగదు, వస్తువు, మరే లాభమైనా. శిక్ష ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా. మైనర్లు, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారి విషయంలో రెండేళ్ళు, 10,000. ఇన్‌స్పెక్టరు కంటే కింది అధికారి దర్యాప్తు చెయ్యకూడదు. కలెక్టరు గాని, సబ్‌డివిజనల్ అధికారికి తగ్గని అధికారి గాని అనుమతించనిదే కోర్టులో కేసు నడవదు. తప్పుడు ఫిర్యాదులో ఇరుక్కున్నవాళ్ళు వకీలును మొదట అడగాల్సినవి ఈ రెండే.

1989 నిబంధనల ప్రకారం మారదలచినవాడు ముందుగానే ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు ఎదుట ఇది తన ఇష్టమేనని ప్రకటన ఇవ్వాలి. కార్యక్రమం జరిపే మతగురువు తేదీ, సమయం, చోటు, చేరేవాళ్ళ పేర్లు, చిరునామాలతో 15 రోజుల ముందే కలెక్టరుకు తెలియజేయాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. పాస్టరు బాప్తిస్మం అయిపోయాక ఉత్తరం రాస్తాడు. లేదా చేరినవాడు నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి అదే చాలనుకుంటాడు. చాలదు. ముస్లింలకు ఇంకో ఇబ్బంది ఉంది. కలిమా చదువుతానన్నవాణ్ణి ఆగమనకూడదని వాళ్ళ ధర్మం, 15 రోజులాగమని చట్టం. మాట మనసులోనే ఉంటుంది గనుక, మసీదులో జరిపే కార్యక్రమం, ధ్రువపత్రం మాత్రం నోటీసు గడువు దాటాకే అని పెట్టుకుంటే ఆ గొడవ తప్పుతుంది. మారినవాళ్ళను తిరిగి హిందూమతంలోకి తెచ్చే ‘ఘర్‌వాపసీ’కి 1967 చట్టంలో మినహాయింపు లేదు, ఒక మతం వదిలి ఇంకోటి తీసుకోవడం అన్నదే అందులోని నిర్వచనం. కాబట్టి పురోహితుడు కూడా నోటీసు ఇవ్వాలి. ఈ చట్టాలు మారుతుంటాయి, అడుగు వేసేముందు అమల్లో ఉన్న పాఠం కలెక్టరాఫీసులో చూసుకోండి.

ఈ చట్టాన్ని 1972లో ఒడిశా హైకోర్టు కొట్టేసింది, ప్రలోభం నిర్వచనం మరీ విశాలమని, శాసనసభకు ఆ అధికారం లేదని. 1977 జనవరి 17న సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో నిలబెట్టింది. రాజ్యాంగం 25వ అధికరణంలోని ‘ప్రచారం’ అంటే తన మతాన్ని వివరించి చెప్పే హక్కు, ఇంకొకరిని మార్చే హక్కు కాదు అని. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆ పదమే ఉండకూడదని గట్టిగా వాదించినవాడు ఒడిశాకు చెందిన లోకనాథ్ మిశ్రా. పదం ఉండిపోయింది. వివరించడం నా హక్కు, మారడం నీ హక్కు అన్న తీర్పు నాకు సమంజసంగానే తోస్తుంది. కాని మారేవాడి చేత మేజిస్ట్రేటు ఎదుట ప్రకటన ఇప్పించడం అతని హక్కుకు గొళ్ళెం పెట్టడమే.

చేరేవాడికి ముందుగా చెప్పకుండా దాచే విషయం ఒకటుంది, అది కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. షెడ్యూల్డు తెగలకు ఈ ఆంక్ష లేదు. కొండమీద సవర బాప్తిస్మం తీసుకుంటే అతని ధ్రువపత్రానికి ఏమీ కాదు. పక్కనే ఉన్న పాణో, తెలుగు మాల, మాదిగ కుటుంబం తీసుకుంటే పోతుంది. ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళకు ఈ తేడా ఉండడంవల్ల ఎన్ని కక్షలు పుట్టాయో కంధమాల్ చూస్తే తెలుస్తుంది. 2008 ఆగస్టు 23న విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య, ఆ తర్వాత క్రైస్తవుల ఇళ్ళ దహనం, వేలమంది అడవుల పాలవడం. మతమొక్కటే కాదు, భూమి, రిజర్వేషను కూడా దాని వెనక ఉన్నాయి. గట్టు దాటితే ఆంధ్రలో దళిత క్రైస్తవులకు బీసీ-సీ రిజర్వేషను ఉంది కదా అని పాతపట్నం బంధువులు చెబుతారు. ఆ ధ్రువపత్రం ఒడిశాలో చెల్లదు. ధ్రువపత్రం పోతుందని చెప్పకుండా బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు, రెండు పేర్లతో బతకమని సలహా ఇచ్చిన పాస్టరు, ఇద్దరూ ఆ మనిషికి అన్యాయం చేసినవాళ్ళే.

ఇంటి విషయాలు కూడా ముందే తెలియాలి. భార్యాభర్తల్లో ఒకరు మారితే రెండోవాళ్ళకు హిందూ వివాహ చట్టం కింద విడాకులు అడిగే హక్కొస్తుంది. మారినవాడికి తండ్రి ఆస్తిలో వాటా పోదు, 1850 నాటి చట్టం దాన్ని కాపాడుతుంది. కాని మారాక పుట్టిన పిల్లలు హిందూ బంధువుల ఆస్తికి వారసులు కారు, వారసత్వం తెరుచుకునే నాటికి వాళ్ళు హిందువులైతే తప్ప. మొదటి పెళ్ళి ఉండగా ఇస్లాం పుచ్చుకుని చేసుకున్న రెండో పెళ్ళి చెల్లదని 1995లో సర్లా ముద్గల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అది ద్విభార్యత్వమే. ప్రేమించుకున్నవాళ్ళు పెళ్ళికోసమే మతం మారాల్సిన పనిలేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్పై రోజుల నోటీసు. ఆ దారి ఉందని చెప్పని ఇమాము, పాస్టరు తమ సంఖ్య చూసుకుంటున్నారనే అనుకోవాలి.

స్వస్థత కూటాలు, తాయెత్తులు. పోస్టరు మీద క్యాన్సరు, మూర్ఛ, చక్కెర జబ్బు పేర్లు వేసి ప్రార్థనతోనో తాయెత్తుతోనో తగ్గుతాయని అచ్చువేస్తే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి రావచ్చు. చట్టం సంగతి అలా ఉంచి, మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఆగకుండా మూర్ఛలొచ్చి ప్రాణం పోవచ్చు. ప్రార్థన చెయ్యండి, మందు ఆపించొద్దు. హాస్టళ్ళలో పిల్లల విషయం కూడా అంతే సూటిగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో మైనరును ప్రార్థనకు కూర్చోబెట్టాలంటే సంరక్షకుడి సమ్మతి కావాలని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అది రాతపూర్వకంగా తీసుకోండి, తెలుగులోనో ఒడియాలోనో, ఆ తల్లికి చదివి వినిపించి.

ఎక్కువ మనసులు విరిగేది మాత్రం ప్రసాదం దగ్గర. అమ్మవారి పండక్కి మేనమామ ఇంట్లో వేట పడుతుంది, చర్చికి వెళ్ళే మేనకోడలు పళ్ళెం పక్కకు జరుపుతుంది, ఏడాది మాటలుండవు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో, బజారులో అమ్మిన మాంసం అడక్కుండా తినమని, ఇది నైవేద్యమని ఎవరైనా చెబితే మాత్రం మానమని ఉంది. ఖురాన్ 5:3 అల్లాహ్ కాక మరొకరి పేర కోసినదాన్ని నిషేధిస్తుంది, కాబట్టి ముస్లిం తినలేడు, ఆ సంగతి తెలిసి పెట్టకపోవడమే మర్యాద. రెండు వైపులా తెలిసిన ఇళ్ళలో మేనమామ ముందే బజారునుంచి వేరే తెప్పించి వండిస్తాడు, మేనకోడలు బొట్టు పెట్టించుకోకపోయినా వడ్డనలో ముందుంటుంది. చేరినవాళ్ళకు సంఘం మొదటి వారంలోనే నేర్పాల్సింది ఇది, బంధువుల ఇంట్లో ఎలా కూర్చోవాలో, ఎలా వద్దనాలో.

శ్మశానం మాట కూడా బతికుండగానే తేల్చుకోవాలి. ఊరి శ్మశానంలో పూడ్చనివ్వమని శవాన్ని దారిలో ఆపిన గొడవలన్నీ ముందు మాట్లాడుకోకపోవడంవల్లే. చేరే మనిషి, ఇంటి పెద్ద, సంఘపెద్ద ముగ్గురూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎక్కడ పూడుస్తారు, స్థలం ఎవరిది, తోబుట్టువులు వాళ్ళ పద్ధతిలో కర్మ చేసుకుంటామంటే సంఘం అడ్డుపడదు అని.

ఇక నోటీసు ఇచ్చిన ఆ 15 రోజులు. చట్టం ఎందుకు పెట్టినా, పాస్టరు గాని ఇమాము గాని ఆ రోజుల్లో ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండాలని నేనంటాను. తల్లి ఏడుస్తుంది, అన్న అరుస్తాడు, అవన్నీ ఆ మనిషి ఒంటరిగా వినాలి. పదమూడో రోజున వచ్చి ‘నా వల్ల కాదండి, నేను రాను’ అంటే, ఆ పేరు కొట్టేసి, అతని కొడుక్కి సంఘం కడుతున్న ట్యూషను ఫీజు వచ్చే నెల కూడా కట్టాలి.